పన్ను కట్టేదెవరు, కోత పడేదెవరికి?

ఈ సంచిక మీ చేతికి అందేసరికి సంక్రాంతి వెళ్ళిపోయి ఉంటుంది. ధాన్యం డబ్బులు కొందరి ఖాతాల్లో పడి ఉంటాయి, కొందరు ఇంకా బ్యాంకు చుట్టూ తిరుగుతూ ఉంటారు. పత్తి రైతులు ఆఖరి ఏరుడులో ఉంటారు. ఇంకొద్ది రోజుల్లో ఢిల్లీలో కేంద్ర బడ్జెట్ వస్తుంది, ఆ వెనకే మన రెండు రాష్ట్రాల బడ్జెట్లు. ఏటా ఈ కాలంలో టీవీ చర్చల్లో ఒక మాట తప్పకుండా వినపడుతుంది. ఖజానా మీద భారం పెరిగింది, అప్పులు పెరిగాయి, అందరూ కాస్త సర్దుకోవాలి, రాయితీలు తగ్గించక తప్పదు అని. దాని వెంటే రెండో మాట కూడా వస్తుంది: రైతులు ఎలాగూ పన్ను కట్టరు కదా!

ఆ రెండో మాటతోనే మొదలుపెడదాం. మొదటి మాటకు బలం దాని నుంచే వస్తోంది. పన్ను కట్టనివాడికి ఇచ్చే ప్రతి రూపాయీ దానమే అని జనం నమ్మితే, దానం తగ్గించడాన్ని ఎవరూ తప్పు పట్టరు.

మొన్న నవంబరులో ఆర్టీసీ బస్సులో నా పక్కన ఒకాయన కూర్చున్నారు. పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని, "మేం కట్టే పన్నులతోనే కదండీ మీకు ఈ పథకాలన్నీ" అన్నారు. దురుసుగా ఏమీ అనలేదు, మామూలుగానే అన్నారు. నా సంచిలో అప్పుడే కొన్న పురుగుమందు డబ్బాలు రెండు ఉన్నాయి. అడిగి మరీ రాయించుకున్న బిల్లు కూడా ఉంది. తీసి చూపించాను. కేంద్ర జీఎస్టీ 9 శాతం, రాష్ట్ర జీఎస్టీ 9 శాతం, మొత్తం 18. ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివారు. హార్డ్‌వేర్ దుకాణం నడుపుతారట, అందుకని వెంటనే అన్నారు: "కొన్నప్పుడు కట్టినా, తర్వాత మీరు తిరిగి తీసుకోవచ్చు కదా?"

మన సమస్య అంతా ఆ ప్రశ్నలోనే ఉంది. ఆయన తన దుకాణానికి సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని, అమ్మినప్పుడు తాను కట్టాల్సిన పన్నులోంచి మినహాయించుకుంటారు. ఫ్యాక్టరీ యజమాని ముడిసరుకు మీద, యంత్రం మీద కట్టిన పన్నును అలాగే తీసేసుకుంటాడు. పన్ను ఎక్కడా పేరుకుపోకుండా చివరి కొనుగోలుదారు మీదికి వెళ్ళాలన్నది ఈ చట్టం సూత్రం. రైతు దగ్గర ఆ గొలుసు తెగిపోతుంది. పంట అమ్మేటప్పుడు రైతు జీఎస్టీ వసూలు చేయడు, ఆయనకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. దీన్నే మినహాయింపు అని పెద్ద మేలులాగా చెబుతారు. ఆ మినహాయింపు వల్లనే, విత్తు నుంచి కోత దాకా ఆయన కట్టిన పన్నులో ఒక్క రూపాయి వెనక్కి రాదు. చట్టం దృష్టిలో ఆయన ఉత్పత్తిదారుడు, పన్ను దగ్గరకు వచ్చేసరికి మాత్రం చివరి వినియోగదారుడు. పోనీ ఆ పన్నును ధరలో కలిపి అమ్ముకుందామంటే, ధర ఆయన చేతిలో లేదు.

లెక్క వేసి చూద్దాం. మిరప రైతు ఎకరాకు 20 వేల రూపాయల మందులు కొట్టాడనుకుందాం. గుంటూరు, ఖమ్మం వైపు రైతులు ఈ అంకె చూసి నవ్వుతారు, అంతకంటే ఎక్కువే అవుతుందని. 20 వేలలో 18 శాతం పన్ను అంటే 3,050 రూపాయలు. మూడెకరాలకు తొమ్మిది వేలు దాటింది. డీఏపీ బస్తా 1,350లో ఐదు శాతం జీఎస్టీ ఉంది, బస్తాకు 64 రూపాయలు. మద్దతు ధర లెక్కలో సాగు ఖర్చులు కలుస్తాయి కదా అని ఆర్థికవేత్తలు సమాధానం చెబుతారు. మిరపకు మద్దతు ధరే లేదు. ఉన్న పంటలకూ ఆ ధర ఎందరికి దక్కుతోందో మనకు తెలియంది కాదు.

పుస్తకాల్లో కనపడని సంగతి ఇంకొకటి ఉంది. మనలో చాలామంది మందులు, ఎరువులు రొక్కం పెట్టి కొనరు. దుకాణంలో ఖాతా ఉంటుంది, పంట వచ్చాక తీర్చాలి. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే దయతలచినట్టే. ఆ ఖాతాలో రాసే మొత్తంలో జీఎస్టీ కూడా కలిసే ఉంటుంది. అంటే రైతు ప్రభుత్వానికి కట్టే పన్ను మీద వ్యాపారికి వడ్డీ కడుతున్నాడు. ఈ దేశంలో పన్ను కట్టడానికి అప్పు చేసి, ఆ అప్పుకు ఆరు నెలలు వడ్డీ మోసే పన్ను చెల్లింపుదారుడు ఇంకెవరైనా ఉన్నారేమో చూపించండి. పైగా చాలా చోట్ల చేతికిచ్చేది తెల్ల కాగితం చిట్టీయే, బిల్లు కాదు. కట్టిన పన్నుకు సాక్ష్యం కూడా మిగలదు.

న్యాయంగా చెప్పాలంటే, గత సెప్టెంబరు 22 నుంచి కొన్ని రేట్లు తగ్గాయి. ట్రాక్టర్ల మీద 12 శాతం ఉన్నది 5 అయింది. ట్రాక్టరు టైర్లు, విడిభాగాల మీద 18 ఉన్నది 5 అయింది. బిందుసేద్యం, తుంపర సేద్యం పరికరాలు కూడా 5 శాతంలోకి వచ్చాయి. దీన్ని స్వాగతించాలి, స్వాగతించాం కూడా. అయితే ట్రాక్టరు కొనేవాడు పదిహేనేళ్ళకోసారి కొంటాడు, మందు డబ్బా కొనేవాడు వారం వారం కొంటాడు. కొన్ని జీవ సంబంధ మందులను వదిలేస్తే, పురుగుమందుల మీద 18 శాతం అక్కడే ఉంది.

ఇక డీజిలు. 2014 మే నాటికి లీటరు డీజిలు మీద కేంద్ర ఎక్సైజు 3 రూపాయల 56 పైసలు. కరోనా కాలంలో, 2020 మేలో, అది 31 రూపాయల 83 పైసలకు ఎక్కింది. తర్వాత రెండు విడతలుగా దించి, గత ఏడాది ఏప్రిల్‌లో మళ్ళీ రెండు రూపాయలు పెంచారు. దాంతో 2025లో అది 17 రూపాయల 80 పైసలు అయింది. 2014తో పోలిస్తే సరిగ్గా ఐదు రెట్లు. ఆ ఏప్రిల్ పెంపు బంకు ధరలో కనపడలేదు, ఎందుకంటే అప్పుడు ముడిచమురు ధర పడిపోయింది. పడిన ధర మనదాకా రాకుండా మధ్యలోనే పన్నుగా మారిపోయింది. రాష్ట్రాలు తక్కువ తిన్నాయా? తెలంగాణలో డీజిలు మీద వ్యాట్ 27 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 22.25 శాతం, దానిమీద లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, రోడ్ల పేరుతో ఇంకో రూపాయి. ఎవరి ప్రభుత్వం ఉన్నా ఈ ఒక్క విషయంలో పార్టీల మధ్య విభేదాలు లేవు.

2025లో తెలంగాణలో లీటరుకు రెండు పన్నులూ కలిపితే దాదాపు 38 రూపాయలు అయ్యేది. ఎకరం వరికి దుక్కి, దమ్ము, కోత యంత్రం, ధాన్యం తోలకం అన్నీ కలిపి 30 లీటర్లు కాలిందనుకోండి. ట్రాక్టరు అద్దెది అయినా ఆ డీజిలు ఖర్చు మన అద్దెలోనే ఉంటుంది. ఎకరాకు పన్ను 1,140 రూపాయలు. ఐదెకరాల రైతు రెండు పంటలు వేస్తే ఏడాదికి 11,400. అదే రైతుకు పీఎం కిసాన్ కింద వచ్చేది ఏడాదికి 6 వేలు. 2019లో మొదలైనప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే. ఒక చేత్తో డీజిలు బంకు దగ్గర 11 వేలు తీసుకుని, ఇంకో చేత్తో ఖాతాలో 6 వేలు వేసి, ఫోటో వేయించుకుంటున్నారన్నమాట. ఎరువుల రాయితీ, ఉచిత కరెంటు లెక్కలోకి తీసుకోలేదని ఎవరైనా అంటే, సరే తీసుకుందాం. కానీ మందుల పన్ను, ట్యూబుల మీద, పైపుల మీద, మోటారు మీద, ఇంట్లో సబ్బు బిళ్ళ మీద కట్టే పన్ను కూడా అదే కాగితం మీద రాయాలి. అందరూ రాసేది ఒకవైపు లెక్కే.

ఈ 17.80లో ఇంకో తిరకాసు ఉంది. అందులో మామూలు ఎక్సైజు సుంకం 1 రూపాయి 80 పైసలే. మిగతా 16 రూపాయలూ ప్రత్యేక అదనపు సుంకం, వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు, రోడ్ల సెస్సు పేర్లతో ఉండేవి. ఆర్థిక సంఘం సూత్రం ప్రకారం కేంద్ర పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు పంచాలి. సెస్సులను, ఇలాంటి అదనపు సుంకాలను పంచనక్కర్లేదు. అంటే లీటరుకు 1.80లో 41 శాతం, 74 పైసలు, దేశంలోని రాష్ట్రాలన్నీ పంచుకోవాలి. పదహారవ ఆర్థిక సంఘం నివేదిక గత నవంబరులో రాష్ట్రపతికి చేరింది. అందులో మన రాష్ట్రాల వాటా శాతం ఎంతన్నదే అందరూ మాట్లాడుతున్నారు. వాటా ఎంతైనా, పంచే కుండలో వేయకుండా పక్కన పెట్టుకున్నది ఎంతో అడగాలి. ఆ తర్వాత రాష్ట్రం మన దగ్గరికి వచ్చి డబ్బుల్లేవంటుంది, వ్యాట్ తగ్గించలేమంటుంది. చివరికి అటు తిరిగీ ఇటు తిరిగీ అదే డీజిలు బంకు.

భారం అందరూ మోయాల్సిందే అనే మాటను మనం కాదనడం లేదు. ప్రభుత్వానికి డబ్బు కావాలి. కాలువలు తవ్వాలన్నా, ధాన్యం కొనాలన్నా, బడి నడపాలన్నా పన్నుల నుంచే రావాలి. అయితే మోయగలిగినవాడి మీద ఎక్కువ, మోయలేనివాడి మీద తక్కువ పెట్టాలన్నది బరువు ఎత్తించే కూలీకి కూడా తెలిసిన సంగతి. ఇక్కడ ఏం జరిగిందో చూడండి.

2019 సెప్టెంబరు 20న కంపెనీల ఆదాయపు పన్ను మూల రేటును 30 శాతం నుంచి 22కు దించారు. కొత్తగా పెట్టే తయారీ కంపెనీలకైతే 15 శాతమే. దీనివల్ల ఏడాదికి లక్షా 45 వేల కోట్ల రాబడి పోతుందని ఆ రోజు ఆర్థిక మంత్రిత్వ శాఖే చెప్పింది. పెట్టుబడులు వస్తాయి, ఉద్యోగాలు వస్తాయి అన్నారు. 2024 జూలైలో ప్రభుత్వం విడుదల చేసిన ఆర్థిక సర్వేయే ఏమందంటే, 2020 నుంచి 2023 మధ్య వేలాది కంపెనీల లాభాలు దాదాపు నాలుగింతలు అయ్యాయి గానీ, ఉద్యోగాలు, జీతాలు ఆ స్థాయిలో పెరగలేదని. ఇప్పుడు కంపెనీలు కట్టే ఆదాయపు పన్నుకంటే మనుషులు కట్టే ఆదాయపు పన్ను ఎక్కువ. నెల జీతం మీద బతికేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది. బస్సులో నా పక్కన కూర్చున్నాయన కూడా. ఆయన పన్ను బరువెక్కింది రైతు వల్ల కాదు. నిరుడు బడ్జెట్‌లో 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేకుండా చేశారు, ఉద్యోగులకు ఆ ఊరట దక్కిందని మనం ఏడవనక్కర్లేదు.

సంపద పన్నును 2015 బడ్జెట్‌లో ఎత్తేశారు. వారసత్వ ఆస్తి మీద పన్ను 1985లోనే పోయింది. వేల కోట్ల వ్యాపార సామ్రాజ్యం తండ్రి నుంచి కొడుక్కి వస్తే ఆ సంపద మీద ప్రభుత్వానికి వారసత్వ పన్ను ఏమీ లేదు. తెలంగాణలో తండ్రి చనిపోయి, రెండెకరాలు తన పేరు మీదికి మార్చుకోవాలంటే రైతు కొడుకు ఎకరాకు 2,500 చొప్పున కట్టాలి.

బ్యాంకుల సంగతి వద్దనుకున్నా రాయాల్సి వస్తోంది. 2014-15 నుంచి 2023-24 దాకా పదేళ్ళలో బ్యాంకులు 16 లక్షల కోట్ల పైచిలుకు మొండి బాకీలను పుస్తకాల్లోంచి తీసేశాయని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. అందులో సగానికి పైగా పెద్ద పరిశ్రమలు, పెద్ద సేవా సంస్థలవే. పుస్తకాల్లోంచి తీయడం, మాఫీ ఒకటి కాదని బ్యాంకర్లు అంటారు. నిజమే, వసూలు ప్రయత్నం సాగుతూనే ఉంటుంది. కానీ ఆ గుంట పూడ్చడానికి 2016-17 నుంచి ఐదేళ్ళలో మూడు లక్షల కోట్లకు పైగా మూలధనాన్ని ప్రభుత్వం తన బ్యాంకుల్లో పోసింది. అది ప్రజలందరి నెత్తిన భారం. 2008 నాటి రైతు రుణమాఫీకి దేశం మొత్తం మీద అయినది సుమారు 52 వేల కోట్లు. పద్దెనిమిదేళ్ళ తర్వాత కూడా దాన్ని రుణ క్రమశిక్షణ చెడగొట్టిన పాపంగా చెబుతూనే ఉన్నారు.

భాష కూడా గమనించండి. బడ్జెట్ పత్రాలతోపాటు ఒక అనుబంధం వస్తుంది, పన్ను రాయితీల వల్ల ఎంత రాబడి పోయిందో అందులో లెక్క ఉంటుంది. మొదట్లో దాని పేరు ‘వదులుకున్న రాబడి’. 2015 తర్వాత దాన్ని ‘పన్ను ప్రోత్సాహకాల ప్రభావం’ చేశారు. కంపెనీకి వదిలితే ప్రోత్సాహకం, యూరియా బస్తా మీద ఇస్తే సబ్సిడీ. నిరుడు ఆగస్టులో ఆ సబ్సిడీ బస్తా ఒక్కటి కోసం సొసైటీల ముందు మన చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో నిలబడ్డాయి.

ఇదే ఆగస్టులో పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకాన్ని కూడా ఎత్తేశారు. మొదట సెప్టెంబరు ఆఖరు దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. మన పత్తి మార్కెట్టుకు వచ్చే నెలలు సరిగ్గా అవే. ఆ 11 శాతంలో దాదాపు సగం వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు. వ్యవసాయం పేరున పెట్టిన సెస్సును డీజిలు మీద రైతు దగ్గర ఉంచి, దిగుమతి పత్తి మీద మిల్లులకు వదిలేశారు. 2025-26లో పొడవు పింజ పత్తి మద్దతు ధర 8,110 రూపాయలు. తేమ పేరు చెప్పి సీసీఐ కేంద్రం తిప్పిపంపితే, దానికి ఎంతో తక్కువకు బయట అమ్ముకున్నవాళ్ళు ఆదిలాబాద్‌లో ఉన్నారు, వరంగల్‌లో ఉన్నారు. మిల్లులకు ఇచ్చిన పన్ను మినహాయింపు ఖర్చులో కొంత మన తూకం రాళ్ళ మీదే పడింది.

ఇప్పుడు కోతల సంగతి. కోత అని ఎవరూ పేరు పెట్టరు. ఆలస్యం అంటారు, సవరణ అంటారు, కొత్త మార్గదర్శకాలు అంటారు. 2024 వానాకాలం పెట్టుబడి సాయం తెలంగాణ రైతుకు అందలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ‘అన్నదాత సుఖీభవ’ మొదటి విడత 2025 ఆగస్టులో గానీ పడలేదు, అంతకుముందు ఏడాది ఊసే లేదు. ఆ ఏడాది ఎగ్గొట్టిన డబ్బు ఏ బడ్జెట్ ప్రసంగంలోనూ కోతగా కనపడదు. జీతం ఒక నెల ఆగితే ఉద్యోగులు రోడ్డెక్కుతారు, కాంట్రాక్టరు బిల్లు ఆగితే పని ఆగిపోతుంది. రైతు సాయం ఆగితే విత్తనం మాత్రం ఆగదు, అప్పు తెచ్చి వేస్తాడు. అందుకే ఖజానాకు ఇబ్బంది వచ్చిన ప్రతిసారీ మొదట ఆగేది ఇదే.

ఎరువుల రాయితీ 2022-23లో రెండున్నర లక్షల కోట్లు ఉండేది, 2025-26 బడ్జెట్‌లో లక్షా 68 వేల కోట్లకు వచ్చింది. ఉక్రెయిన్ యుద్ధంతో ఆ ఏడాది ప్రపంచ ధరలు మండిపోయాయి కాబట్టి ఈ తగ్గుదల అంతా కోతే అనడం సరికాదు. మన వాదన గట్టిగా ఉండాలంటే మన అంకెలు నిక్కచ్చిగా ఉండాలి. ఉపాధి హామీ విషయంలో మాత్రం అలాంటి సందేహం అక్కర్లేదు. 2020-21లో దానికి అయిన ఖర్చు లక్షా 11 వేల కోట్లు. ఆ తర్వాత కూలి రేట్లు పెరిగాయి, ధరలు పెరిగాయి. 2024-25లోనూ, 2025-26లోనూ కేటాయింపు 86 వేల కోట్ల దగ్గరే నిలబడింది.

ఆ పథకం మన గడ్డ మీదే మొదలైంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. వచ్చే నెలకు ఇరవై ఏళ్ళు. ఇరవై ఏళ్ళు నిండకముందే, గత డిసెంబరులో దాని స్థానంలో కొత్త చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. 125 రోజులు ఇస్తామన్నది అందరికీ వినపడేలా చెప్పారు. పాత చట్టంలో కూలి డబ్బు మొత్తం కేంద్రమే ఇచ్చేది. కొత్త చట్టంలో మన రాష్ట్రాలు 40 శాతం పెట్టుకోవాలి. ఏ రాష్ట్రానికి ఎంతన్నది కేంద్రం ముందే గీత గీస్తుంది, ఆ గీత దాటితే మొత్తం రాష్ట్రమే భరించాలి. అడిగినవాడికి పని అనే హక్కు, ఉన్నంతవరకు పని అయిపోయింది. 40 శాతం ఎక్కడి నుంచి తెస్తారు? వ్యాట్ పెంచి తెస్తారు, లేదా 125 రోజుల మాటను కాగితం మీదే ఉంచుతారు.

పంట పనుల రోజుల్లో రెండు నెలలు ఈ పనులు ఆపవచ్చన్న నిబంధన మన సభ్యుల్లో కొందరికి నచ్చింది. కూలీలు దొరకడం లేదన్న బాధ నిజమైనదే, దాన్ని కొట్టిపారేయలేం. కానీ మన సంఘం సభ్యుల్లో ఎకరం, రెండెకరాల వాళ్ళ ఇళ్ళల్లో జాబ్ కార్డు లేని ఇల్లు ఎక్కడుంది? వాన ఎగ్గొట్టిన ఏడాది రాయలసీమలో, పాలమూరులో చిన్న రైతు వలసపోకుండా ఆగింది దాని మీదే. మన చేలో కూలి తగ్గుతుందని మన ఇంటి కూలినే కొట్టేసుకోవడం ఏ లెక్కలోనూ లాభం కాదు.

పన్ను సంగతిలో మన పెద్దలకు మంచి జ్ఞాపకాలే ఉన్నాయి. పల్నాడులో అడవిలో పశువులు మేసిన గడ్డికి పుల్లరి కట్టమంటే కట్టమని నిలబడి 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణమిచ్చాడు. 1920ల చివర కృష్ణా, గోదావరి జిల్లాల్లో భూమి శిస్తును రూపాయికి మూడు అణాల చొప్పున పెంచారు. ధరలు పెరిగాయి కదా, కట్టగలరు అన్నది నాటి ప్రభుత్వం వాదన. కొద్ది కాలానికే ఆర్థిక మాంద్యం వచ్చి ధాన్యం ధర కుప్పకూలింది. శిస్తు మాత్రం దిగలేదు. రైతు సంఘాలు ఊరూరా పెరిగింది ఆ రోజుల్లోనే. ఆదాయం ఉన్నా లేకపోయినా ఒకే మొత్తం వసూలు చేసే పన్ను అన్నిటికంటే అన్యాయమైనదని వాళ్ళు అనుభవంతో తెలుసుకున్నారు. డీజిలు పన్ను, మందుల పన్ను ఇప్పుడు అచ్చంగా అలాంటివే. పంట పండినా ఎండినా, ధర ఉన్నా లేకపోయినా ఒకటే.

ఇక మన ఇంటి సంగతి కూడా మాట్లాడుకోవాలి. ఈ పేరా కొందరికి నచ్చదని తెలిసే రాస్తున్నాం. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. ఐదెకరాల రైతుకు దానివల్ల వచ్చే లాభం ఏమీ లేదు, పన్ను పడేంత ఆదాయం ఆయనకు ఎప్పుడూ లేదు. లాభం ఎవరికి? వ్యవసాయ ఆదాయంగా చూపించి కోట్లు మినహాయించుకునే విత్తన కంపెనీలకు, నగరం చుట్టూ ఫామ్‌హౌసుల్లో పండని ద్రాక్షను పండినట్టు రాసుకునేవాళ్ళకు. పెద్ద కమతాల మీద పన్ను ఉండాలని 1972లోనే కె.ఎన్.రాజ్ కమిటీ సిఫారసు చేసింది, ఏ రాష్ట్రమూ కదలలేదు. అలాగే రైతుబంధు రోజుల్లో రాళ్ళగుట్టలకు, ప్లాట్లు వేసిన భూములకు కూడా ఎకరాకు ఇంతని పోయింది. ఆ పక్కనే నిజంగా దున్నే కౌలు రైతుకు పైసా రాలేదు. పరిమితి పెట్టాలని మనం అప్పుడు గట్టిగా అడగలేదు. సంఘంలో అందరికీ ఒకే అభిప్రాయం లేకపోవడమే కారణం, ఇప్పటికీ లేదు. కానీ మోయగలిగినవాడు మోయాలి అని ఢిల్లీని అడిగే నోటితో, యాభై ఎకరాల ఆసామి సాయం ఆపొద్దని అడగలేం. మన పేరు అడ్డం పెట్టుకున్నవాళ్ళను మనమే పక్కకు నెట్టకపోతే, టీవీల్లో రైతులు పన్ను కట్టరు అన్న ప్రతిసారీ వాళ్ళనే చూపిస్తారు.

అడగాల్సినవి పెద్ద జాబితా ఏమీ కాదు. పురుగుమందుల మీద జీఎస్టీ 5 శాతానికి దించాలి. ఎరువులు, మందుల మీద రైతు కట్టిన పన్నును ఎకరాల లెక్కన ఆయన ఖాతాకే తిరిగి వేయాలి. పీఎం కిసాన్ రెండు వేలు వేయడానికి దారి ఉన్న ప్రభుత్వానికి ఇది వేయడానికి దారి లేదనడం కుదరదు, కౌలు రైతును ఆ దారిలోకి తేవడం మాత్రం రాష్ట్రాలు చేయాల్సిన పని. సాగు డీజిలు మీద పన్ను తగ్గింపు సాధ్యం కాదని ఎవరైనా అంటే, ఆంధ్రప్రదేశ్ తీరంలో మరపడవలకు లీటరుకు 9 రూపాయల రాయితీ ఇస్తున్న పద్ధతి చూపించండి. సముద్రం మీద సాధ్యమైంది చేలో సాధ్యం కాదా? సెస్సులను పంచే కుండలో వేయాలి. 2019లో వదిలేసిన కంపెనీ పన్నులో కొంతైనా వెనక్కి తేవాలి, అత్యంత సంపన్నుల ఆస్తి మీద పన్ను మళ్ళీ పెట్టాలి. వీటిమీద తేల్చకుండా ఉపాధి కూలీకి, ఎరువుకు, పెట్టుబడి సాయానికి కోత పెట్టే హక్కు ఎవరికీ లేదు.

ఫిబ్రవరిలో జరిగే గ్రామ కమిటీ సమావేశాల్లో ఒక పని పెట్టుకుందాం. ప్రతి సభ్యుడూ ఈ ఖరీఫ్, రబీల్లో తాను కొన్న మందులు, ఎరువులు, డీజిలు, పైపుల బిల్లులు తెచ్చి, వాటి మీద కట్టిన పన్నును ఒక కాగితం మీద కూడాలి. బిల్లు లేకపోతే దుకాణం ఖాతా చూసి రాయాలి, పక్కన ‘బిల్లు ఇవ్వలేదు’ అని కూడా రాయాలి. కౌలు రైతులవి విడిగా పెట్టండి. పేర్లు అక్కర్లేదు, ఎకరాలు, పంట, పన్ను మొత్తం ఉంటే చాలు. కాగితాలు మార్చి 10 లోపల మండల కార్యదర్శికి అందితే, ఏప్రిల్ సంచికలో పంటల వారీగా అచ్చు వేసి, ఆ సంచికనే మన శాసనసభ్యులకు, పార్లమెంటు సభ్యులకు ఇచ్చి వద్దాం. ఈలోగా మందు డబ్బా కొన్నప్పుడు బిల్లు అడగండి. ఇవ్వనంటే ఇంకోసారి అడగండి.